వీడియో ఎడిటింగ్ సిస్టమ్‌లో డ్రైవ్‌లు బిగించే ముందు ఇవి చూసుకోండి

ముందు మీ ఫుటేజ్ ఎంత బరువో లెక్కేసుకోండి. 4కె ప్రోరెస్ 422 హెచ్‌క్యూ (ఎడిటింగ్‌కి వాడే, ఎక్కువ క్వాలిటీ ఉండే వీడియో ఫార్మాట్), సెకనుకు 30 ఫ్రేములంటే గంటకి దాదాపు 400 జీబీ, అంటే ఒక్క స్ట్రీమ్‌కే సెకనుకు 110 ఎంబీ చదవాలి. మామూలు హార్డ్ డిస్క్ ఒకదాన్ని ఎలాగోలా లాక్కొస్తుంది గానీ, మల్టీక్యామ్‌లో (ఒకే సీన్‌ని తీసిన వేర్వేరు కెమెరాల వీడియోలు ఒకేసారి నడిపేటప్పుడు) మూడు నాలుగు పెట్టారంటే ప్లేబ్యాక్ నత్తనడకే. అందుకే విండోస్, సాఫ్ట్‌వేర్ ఒక ఎస్ఎస్‌డీలో, నడుస్తున్న ప్రాజెక్టూ కాష్ (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా రాసుకునే ఫైళ్లు) ఇంకో ఎన్‌వీఎంఈలో (ఇంకా వేగమైన ఎస్ఎస్‌డీ రకం) ఉంచి, అయిపోయినవి హార్డ్ డిస్క్‌కి పంపేయండి.

కొనేముందు మదర్‌బోర్డ్ మాన్యువల్ తీయండి (ఎవరూ తీయరు, తెలుసు). ఎం.2 స్లాట్ (ఎన్‌వీఎంఈ బిగించే చోటు) నింపితే కొన్ని బోర్డుల్లో ఒకటి రెండు సాటా పోర్టులు (హార్డ్ డిస్క్ కేబుల్ పెట్టేవి) ఆగిపోతాయి, అది తెలియక డ్రైవే పోయిందని టెన్షన్ పడతారు.

హార్డ్ డిస్క్ సీఎంఆర్ రకమే (డేటా ట్రాకుల్ని విడివిడిగా రాసేది) తీసుకోండి. ఎస్ఎంఆర్ రకం (ట్రాకుల్ని ఒకదానిపై ఒకటి కొంచెం ఎక్కేలా రాసేది) చవకే, కానీ ఆపకుండా రాస్తూపోతే స్పీడు దారుణంగా పడిపోతుంది.

విండోస్ ఎక్కించేటప్పుడు మిగతా డ్రైవ్‌ల కేబుళ్లు పీకేయండి, లేకపోతే బూట్ ఫైళ్లు వెళ్లి వేరే డిస్క్‌లో కూర్చునే ప్రమాదం ఉంది. 2 టీబీ దాటిన డ్రైవ్‌కి జీపీటీయే (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసిపెట్టే కొత్త పద్ధతి) పెట్టాలి. ఫార్మాట్ నొక్కేముందు డ్రైవ్ అక్షరం కాదు, సైజూ మోడల్ నంబరూ చూడండి.

రెయిడ్ 0 (డేటాని ముక్కలుగా చేసి డిస్కుల మధ్య పంచి రాయడం) వేగమే, ఒక్క డిస్క్ పోతే మాత్రం అన్నీ పోయినట్టే. రెయిడ్ 1 (ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ రాయడం) ఉంది కదా, బ్యాకప్ ఎందుకంటారా? పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింటిలోనూ ఒకేసారి పోతుంది. ఒరిజినల్ ఫుటేజ్ ఇంకో డ్రైవ్‌లోకి కాపీ అయ్యేదాకా కెమెరా కార్డు చెరపకండి.