వాలెన్సియా పక్కనున్న అల్బొరాయాను ఒక గురువారం చూసి రావడం ఎలా?

స్పెయిన్‌లోని వాలెన్సియా వెళ్లినవారు కేథడ్రల్, సముద్రతీరం చూసుకుని రైలెక్కేస్తారు. నగరానికి ఉత్తరాన ఆనుకునే ఉన్న అల్బొరాయాకు ఒక పూట కేటాయించండి. కోటలు, మ్యూజియాలు ఆశిస్తే నిరాశే. చూడవలసింది నీరు, పొలం, ఆ పంటతో చేసే పానీయం. ఈ వరుసలోనే చూడాలని నా సలహా.

నీటితో మొదలుపెట్టాలి కనుకే గురువారం ఎంచుకోండి. ఆ రోజు మధ్యాహ్నం 12 గంటలకు వాలెన్సియా కేథడ్రల్‌లోని అపొస్తలుల ద్వారం ముందు, సాగునీటి తగాదాలు తీర్చే నీటి న్యాయస్థానం కొలువుదీరుతుంది. నల్లని చొక్కాలు తొడుక్కున్న రైతు ప్రతినిధులు కూర్చుంటే, ఒక్కో కాలువ పేరు పిలిచి ఫిర్యాదులున్నాయా అని అడుగుతారు. విచారణ అంతా నోటిమాటగానే, వాలెన్సియన్ భాషలో. 2009లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. తగాదాలు లేని వారం నిమిషాల్లో ముగిసిపోతుంది కనుక ముందే చేరుకోండి. పిలిచే పేర్లలో రస్కాన్యాను గమనించండి. అల్బొరాయా పొలాలకు నీరిచ్చే కాలువల్లో అదొకటి.

తర్వాత భోజనం నగరంలోనే ముగించండి. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా అల్బొరాయాలో చాలా దుకాణాలు మూసే ఉంటాయి. ఎండ తగ్గాక వియా చుర్రా పట్టుకుని నడవండి, లేదా సైకిల్ తీసుకోండి. పాత రైలుమార్గాన్నే బాటగా మార్చారు. నీడ తక్కువ, టోపీ మరవకండి. నడక వద్దనుకుంటే మూడో నంబరు మెట్రోలో రఫెల్బున్యోల్ వైపు వెళ్లి అల్బొరాయా పెరిస్ అరగో స్టేషన్లో దిగండి.

బాటకు అటూ ఇటూ బోదెల మీద సన్నటి గడ్డి కనిపిస్తే ఆగి చూడండి. అదే చుఫా, మన రైతులు పీకి పారేసే తుంగకు దగ్గరి చుట్టం. దాని దుంప శనగగింజంత, ముడతలు పడి గోధుమరంగులో ఉంటుంది. వసంతంలో నాటి, ఆకులు ఎండాక కాల్చేసి, నవంబరు నుంచి దుంపలు తవ్వుతారు. వాటిని సుమారు మూడు నెలలు తిరగేస్తూ ఆరబెడతారు. పచ్చని పొలం కావాలంటే వేసవిలో, తవ్వకం చూడాలంటే చలికాలంలో వెళ్లాలి. ఏటవాలు గడ్డికప్పుతో బర్రాకా అనే పాత రైతు ఇళ్లు కూడా అక్కడక్కడా మిగిలాయి. అవి జనం నివసించే చోట్లు, గేటు దాటి లోపలికి వెళ్లకండి.

ఇప్పుడు ఊళ్లోకి వెళ్లి ఓర్చాతా అడగండి. నానబెట్టిన చుఫాను రుబ్బి, రసం పిండి, చక్కెర కలిపి చల్లగా ఇస్తారు. పాలు ఉండవు, కానీ రంగు చూస్తే పాలే అనుకుంటారు. ద్రవంగా ఉన్నది 'లీకిదా', మంచుముద్దగా ఉన్నది 'గ్రానిసాదా'. మొదటిసారైతే రెండూ కలిపిన 'మిక్స్తా' మేలు. చక్కెర వద్దంటే 'సిన్ అసూకర్' అనండి. ముంచుకు తినే ఫార్తోన్స్ అనే మెత్తని పొడుగు రొట్టెల్లో సాధారణంగా గుడ్డు పడుతుంది, శాకాహారులు అడిగి తీసుకోండి.

ఇంకా వెలుగు ఉంటే సముద్రం వైపు రెండు చోట్లున్నాయి. పోర్ట్ సప్లాయాలో పడవలు, రంగుల ఇళ్లు ఫొటోలకు బాగుంటాయి గానీ పాతవేమీ కావు. నేనైతే కరాయిషెత్ వాగు దగ్గరి చిన్న ప్రార్థనా మందిరానికే ఓటు వేస్తాను. 1348లో వరదలో కొట్టుకుపోయిన పవిత్ర ప్రసాదాన్ని చేపలు నోట కరచి తెచ్చి ఇచ్చాయని అక్కడి ఐతిహ్యం.