సినిమా స్క్రిప్టులో పాడే భాగాలను ఎలా రాయాలి?

పాత్రలు మాట్లాడుతూనే పాటలోకి వెళ్లే సినిమాకు స్క్రిప్టు రాసేటప్పుడు, ఏది మాటో ఏది పాటో చదివేవారికి చూడగానే తెలియాలి. ఇంగ్లీషు స్క్రిప్టుల్లో పాట పంక్తులను సాధారణంగా పెద్ద అక్షరాల్లోనో వాలు అక్షరాల్లోనో వేస్తారు. తెలుగు లిపికి పెద్ద అక్షరాలు లేవు. వాలు అక్షరాలు వాడితే, మసకబారిన జిరాక్సు ప్రతిలో ఒత్తులు పోల్చుకోవడమే కష్టం. కాబట్టి పాట పంక్తులను సంభాషణకంటే లోపలికి జరిపి, ప్రతి పంక్తి ముందూ ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తుకు అర్థాన్ని మొదటి పేజీలోనే చెప్పాలి. ఫౌంటెన్ పద్ధతిలో, అంటే స్క్రిప్టును చిన్న చిన్న గుర్తులతో మామూలు టెక్స్టుగా రాసే పద్ధతిలో, టైపు చేసేవారు ఇందుకు ~ గుర్తు వాడతారు. చేతిరాతకూ అది చాలు.

తిరుపతి నుంచి నడిచి కొండెక్కుతున్న తల్లీకూతుళ్లను తీసుకుందాం.

సీన్ 12. అలిపిరి మెట్ల దారి – తెల్లవారుజాము
కూతురు మెట్టుమీద కూలబడుతుంది.
కూతురు: ఇంకా ఎన్ని మెట్లుండాయి మా?
తల్లి (పాడుతూ):
    ~ మెట్టుకొక్క మాట చెప్పు,
    ~ మాటకొక్క పాట కట్టు
తల్లి (మాటగా): మొత్తం 3,550. లెక్కపెట్టుకుంటా రా.

పాట మధ్యలో వచ్చిన మాటకు ‘మాటగా’ అని రాయకపోతే, దానికీ బాణీ కట్టాలేమోనని సంగీత దర్శకుడు తికమకపడతాడు. పంక్తిని కాగితం అంచు దగ్గర కాక, తూగు ఆగేచోట విరవాలి. ఇద్దరూ ఒకే పంక్తిని కలిసి పాడితే పేర్లు పక్కపక్కన వేస్తే సరిపోతుంది. వేర్వేరు పంక్తులను ఒకేసారి పాడితే మాత్రం పేజీని రెండు నిలువు వరుసలుగా చీల్చాలి. గంగమ్మ జాతర గుంపు పాడే చోట ‘కోరస్’ అని వదిలేయకుండా, బైరాగి వేషగాళ్లా, చూడవచ్చిన ఆడవాళ్లా అన్నది తేల్చాలి. పెదవులు కదలని పాటకు ‘నేపథ్యంలో’ అని చేర్చాలి.

పల్లవి తిరిగి వచ్చినప్పుడు మొదటి రెండు మాటలు వేసి ‘పల్లవి’ అంటే చాలునని కొందరంటారు. తెరమీద అప్పుడు జరిగేది కొత్తదైతే నేను ఒప్పుకోను. ఆ పంక్తులను పూర్తిగా రాసి, వాటి నడుమ ఆ చర్యను వర్ణించాలి. చరణాల మధ్య వాద్య సంగీతం వచ్చేచోట కూడా తెరమీద ఏముందో చెప్పాలి.

స్క్రిప్టులో ఒక పేజీ తెరమీద ఒక నిమిషం అన్న లెక్క పాటకు కుదరదు గనుక, నిడివి అంచనాను సీన్ శీర్షిక పక్కనే వేయాలి. బాణీ ముందు, సాహిత్యం తర్వాత వచ్చే పాటైతే, ప్రస్తుతానికి భావాన్నీ, పాట ముగిసేసరికి కథలో మారినదాన్నీ మాత్రం రాసి, పంక్తులకు చోటు విడిచిపెట్టాలి.