మిల్లు చరిత్ర రాయాలంటే ముందు టోకెన్ నంబరు అడగండి

మా నాన్న ఆదోనిలోని ఒక నూలు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు నూలు వడికే యంత్రం, అంటే రింగ్ ఫ్రేము మీద పనిచేశారు. ఆయన పోయాక ట్రంకు పెట్టె అడుగున ఒక ఇత్తడి బిళ్ల దొరికింది, మిల్లులో ఆయన హాజరు టోకెన్. పైన చిన్న రంధ్రం, మధ్యలో 417 అంకె. ఒక పక్క అంచు నున్నగా అరిగిపోయి ఉంది. గేటు దగ్గరి పలక మీద మేకుకు తగిలించేటప్పుడు బొటనవేలు ఆనే చోటు అది. ఆ బిళ్ల పట్టుకుని నాలుగేళ్లు తిరిగి, ఒక కుటుంబం మూడు తరాలు నడిపిన ఆ మిల్లు చరిత్ర రాశాను. ఆదోనిలోనే కాదు, గుంతకల్లు, తాడిపత్రి, ప్రొద్దుటూరు వైపు కూడా పత్తితో బతికిన ఊళ్లు చాలా ఉన్నాయి. మీ ఊళ్లో అలాంటి మిల్లు ఉంటే, దాని గురించి రాయాలని మీకు ఉంటే, నేను నేర్చుకున్నది చెబుతాను.

మొదట యజమాని ఇంటికి వెళ్లకండి. నేను అక్కడికే వెళ్లాను. వాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి, శంకుస్థాపన ఫొటోలు, దండ వేసిన పెద్దాయన పటం, రజతోత్సవ సంచిక చూపించారు. ఆరు నెలల పాటు నా నోటుపుస్తకం నిండా ఆ ఇంటి లెక్కే. ఆ తర్వాత కార్మికుల దగ్గరకు వెళ్తే నా ప్రశ్నలన్నీ ఆ లెక్కలోంచే వచ్చాయి. "పెద్దాయన మంచివారేనా?" అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెబుతారు? అందుకే కార్మికులతో మొదలుపెట్టండి. యజమానుల దగ్గరకు తర్వాత తప్పకుండా వెళ్లండి.

కార్మికుడిని కలవగానే పేరు తర్వాత అడగవలసింది టోకెన్ నంబరు. ఒకే పేరున్నవాళ్లు ముగ్గురు నలుగురు ఉంటారు, నంబరు మాత్రం ఒక్కరిదే. మస్టరులో (హాజరు పట్టీలో), జీతం చీటీలో, కార్మిక సంఘం చందా పుస్తకంలో మనిషిని కలిపి చూపించేది అదే. అయితే ఒక జాగ్రత్త. మనిషి మానేస్తే ఆ నంబరు మరొకరికి ఇచ్చేవారు. మా నాన్న 417 కూడా తర్వాత ఇంకొకరికి వెళ్లింది. నంబరు పక్కన ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అని రాసుకోండి. మొదట బదిలీగా, అంటే పనికి రానివాళ్ల బదులు చేసే మనిషిగా చేరి, తర్వాత పర్మనెంటు అయినవాళ్లకు రెండు తేదీలూ అడగండి. ఆ రెండింటి మధ్య దూరమే ఒక్కోసారి ఏడెనిమిదేళ్లు ఉంటుంది. రోజూ గేటు ముందు నిలబడి, ఎవరైనా రాకపోతే లోపలికి పిలుస్తారని ఎదురుచూసిన ఏళ్లు అవి. సంచికల్లో ఆ ఏళ్ల ప్రస్తావన ఉండదు.

తర్వాత ఏ ఖాతాలో, అంటే మిల్లులో ఏ విభాగంలో పనిచేశారో అడగండి. బేలు విప్పే బ్లో రూము, దూది ఏకే కార్డింగు, పోగులు సాపు చేసే డ్రాయింగు, వాటిని సన్నం చేసే సింప్లెక్సు, నూలు వడికే రింగ్ ఫ్రేము, చిలపలు చుట్టే రీలింగు, చివర బండిళ్లు కట్టడం. ప్రతి ఖాతా నుంచి ఒక్కరైనా దొరికేదాకా ఆగకండి. ఒకరికి తెలిసిన మిల్లు మరొకరికి తెలియదు. గేటు బయటివాళ్లనూ వదలకండి: హమాలీలు, పత్తి బండ్లు తోలినవాళ్లు, టీ బంకు నడిపినవాళ్లు.

పని గురించి నోటితో చెప్పమనకండి, చేత్తో చూపించమనండి. నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఎనభై దాటిన ఒక పెద్దాయన రింగ్ ఫ్రేము పని గురించి "దారం తెగితే అతికేవాళ్లం" అని ఒక్క ముక్కలో ముగించారు. నేను నూలు కోను ఆయన చేతిలో పెట్టి, "ఎలాగో చూపించు పెదనాన్నా" అన్నాను. మంచం మీద కూర్చున్న మనిషి కుడి మోకాలు ముందుకు జరిగింది. ఎందుకని అడిగాను. "కదురుకు బ్రేకు అక్కడే కదమ్మా, మోకాలితో నొక్కి ఆపాలి" అన్నారు. తర్వాత ఎడమ చేతి వేళ్లు కొస వెతికాయి, కుడి చెయ్యి అక్కడ లేని ట్రావెలర్‌లో (కదురు చుట్టూ తిరిగే చిన్న లోహపు కొక్కెంలో) దారం దూర్చింది, పైన లేని రోలరు దగ్గరకు తీసుకెళ్లి బొటనవేలితో ఒక్క మెలిక వేసింది. రెండు క్షణాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత నలభై నిమిషాలు ఆపకుండా మాట్లాడారు. ఫోనులో మాట మాత్రమే రికార్డు చేస్తే ఆ మోకాలు నాకు దొరికేది కాదు. వీడియో తీయండి, ముఖం కంటే చేతుల మీద దృష్టి పెట్టండి. ఫ్రేము పొడవు ఎన్ని అడుగులో, షిఫ్టులో ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగేవారో కూడా అడిగి గుణించి చూడండి.

ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇంట్లో మగవాళ్లు పక్కన లేని సమయం చూసుకోండి. 1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా ఆడవాళ్లను పనిలో పెట్టకూడదంది. అందువల్ల వాళ్ల పని పగటి రీలింగు దగ్గరే ఎక్కువ కనబడుతుంది. అదే చట్టం ప్రకారం పిల్లల గది ఉండాల్సింది. 1976 సవరణ తర్వాత ముప్పైమందికి మించి ఆడవాళ్లు పనిచేసే ప్రతి చోటా ఉండాలన్న నియమం వచ్చింది. "పిల్లల గది ఉండేదా?" అని అడిగితే ఒక అవ్వ నన్ను గోడ బయటికి తీసుకెళ్లి వేపచెట్టు చూపించింది. చీరతో ఉయ్యాల కట్టింది ఆ కొమ్మకేనట. చట్టం ఒక వాక్యం, వేపచెట్టు ఒక వాక్యం. రెండూ పక్కపక్కనే రాశాను.

ఆరోగ్యం గురించి "ఎలా ఉండేది?" అంటే "బాగానే ఉండేది" అంటారు. "సెలవు రోజు తర్వాత పనికి వెళ్తే ఛాతీ ఎలా ఉండేది?" అని అడగండి. దూది నుసి పీల్చేవారికి వచ్చే బిస్సినోసిస్ లక్షణం అది. సెలవు తర్వాత మొదటి రోజే ఛాతీ బిగబట్టినట్టు ఉండి, వారం గడిచేకొద్దీ కాస్త తగ్గుతుంది. కార్డింగులో, బ్లో రూములో చేసినవాళ్లను తప్పకుండా అడగండి. దీన్ని వృత్తి వ్యాధిగా ఈఎస్ఐ (కార్మికుల బీమా) చట్టం జాబితాలో చేర్చారు. మా నాన్న వైద్యం కాగితాల్లో మాత్రం ఎక్కడ చూసినా "ఆయాసం" అనే మాటే. ఆయన ఏ ఖాతాలో పనిచేశారని ఏ వైద్యుడూ అడగలేదు. ఈ ప్రశ్న నేను ఆయననే అడగకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తేదీలు ఎవరికీ గుర్తుండవు, ఘటనలు గుర్తుంటాయి. "ఇందిరా గాంధీ పోయిన రోజు మీరు ఏ షిఫ్టులో ఉన్నారు?" అంటే 1984 అక్టోబరు 31 దగ్గర మనిషి ఠక్కున నిలబడతాడు. రెండు రూపాయల బియ్యం వచ్చిన రోజులు, ఎమర్జెన్సీ, 2009లో కర్నూలు మునిగిన వరద, వీటిని కొక్కేలుగా వాడుకోండి. జీతం గురించీ అంతే. రూపాయలు చెబితే ఈ కాలంవాళ్లకు ఏమీ తెలియదు. వారం జీతానికి ఎన్ని శేర్ల జొన్నలు వచ్చేవో అడగండి.

ఇక కాగితాలు. ఆదోనివాళ్లు చాలామంది కర్నూలులో వెతికి, ఏమీ లేవని వచ్చేస్తారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం బళ్లారి జిల్లాలోనివి. పాత విషయాలకు 1904 నాటి బళ్లారి గెజిటీరు, మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్యాక్టరీల వార్షిక నివేదికలు చూడాలి. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచీన పత్రాల భాండాగారం వైపు అడుగు వేయక తప్పదు. ఆ పాత కాగితాల్లో మన పత్తి "వెస్టర్న్స్" అనే వ్యాపారం పేరుతో కనబడుతుంది, నంద్యాల వైపుది "నార్తర్న్స్". ఆ మాటలు తెలియకపోతే పేజీలు దాటిపోతాయి. మీ మిల్లును 1974లో ప్రభుత్వం తీసుకుందేమో కూడా చూసుకోండి. ఆ ఏడు చట్టం చేసి దేశంలో నష్టాల్లో పడిన 103 మిల్లులను జాతీయం చేశారు. జాబితా చట్టంలోనే ఉంది. ఇళ్లలో దొరికే పీఎఫ్ చీటీలు, ఈఎస్ఐ కార్డులు, 1972 చట్టం తర్వాతి గ్రాట్యుటీ కాగితాలు ఫొటో తీసుకుని, అసలువి వెంటనే ఇచ్చేయండి.

నూలు నంబరు అర్థం చేసుకోకుండా మాత్రం రాయకండి. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌండులో ఎన్ని చిలపలు వస్తే అది అన్నో నంబరు. నలభై నంబరు అంటే పౌండుకు 33,600 గజాలు, దాదాపు ముప్పై కిలోమీటర్లు. ఆదోనిలో విప్పడం మొదలుపెడితే ఒక్క పౌండు నూలు ఎమ్మిగనూరు దరిదాపులకు చేరుతుంది. అక్కడ మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. మిల్లు దారం మగ్గం దాకా వెళ్లే దారి కూడా మిల్లు చరిత్రలో భాగమే. ఆ దారి చివర ఉన్న నేతగాడినీ కలవండి.

ఇప్పుడు యజమాని ఇంటికి వెళ్లండి. ఈసారి మీ దగ్గర నంబర్లు ఉంటాయి. వాళ్ల కష్టం కూడా వినండి: కరెంటు కోతలు, పత్తి ధర, అన్నదమ్ముల పంపకాలు, బ్యాంకు అప్పులు. సమ్మె గురించి, మూత గురించి రెండు వైపులా రెండు కథలు వస్తాయి. కలిపి ఒకటి చేయకండి, ఎవరి మాట వాళ్ల కిందే రాయండి. మా నాన్నకు రావలసిన డబ్బు నాలుగేళ్లు ఆలస్యమైంది. అదీ రాశాను, వాళ్ల జవాబూ రాశాను. మిల్లు పేరు పెట్టనని మాట ఇచ్చాను, పెట్టలేదు. ఆ ఇంటి చిన్న కోడలు, ఇప్పుడు పెద్దావిడ, ఎవరూ అడగని సంగతి చెప్పింది. జీతాల ముందు రాత్రి ఇంట్లో ఆడవాళ్లంతా చాప మీద కూర్చుని చిల్లర లెక్కపెట్టి కవర్లలో వేసేవారట. "పేర్లు తెలియవమ్మా, నంబర్లు తెలుసు" అంది. నేను బిళ్ల తీసి చూపించాను. చాలాసేపు చేతిలో పట్టుకుంది.

రాయడం అయ్యాక, అచ్చుకు ఇవ్వకముందే చదువు రానివాళ్లందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి. మేము వేపచెట్టు కిందే చేశాం. మూడు సాయంత్రాలు పట్టింది. రెండో రోజు రీలింగు అవ్వ చెయ్యి ఎత్తి ఆపింది. "అందరినీ రాశావు, మాకు షిఫ్టులో నీళ్లు పోసిన మనిషి ఏది?" అంది. ఆమెకు టోకెన్ లేదు, మస్టరులో లేదు, నా నాలుగేళ్ల నోటుపుస్తకాల్లోనూ లేదు. అక్కడున్న పదిమందీ కలిసి ఆమె పేరు, ఊరు, ఏ గేటు దగ్గర కుండలు పెట్టేదో చెప్పారు. మర్నాడు ఆ పేజీ మళ్లీ రాశాను.