హమ్మురాబి శాసనంలో ఒక్క వాక్యం: అక్కాదియన్‌లో చదవడం ఎలా

సాధనకు ప్రాచీన బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టాల్లోని 196వ నిబంధన తీసుకోండి. అక్కాదియన్ అంటే ఆ చట్టాలు రాసిన ప్రాచీన మెసొపొటేమియా భాష. చిన్న వాక్యమే అయినా భాష తీరంతా అందులో కనిపిస్తుంది.

లూవ్ర్ మ్యూజియంలోని నల్లరాతి స్తంభం ఫొటో చూసి చదివేటట్లయితే ముందు దాన్ని ఎడమకు 90 డిగ్రీలు తిప్పండి. రాతి మీద గుర్తులు పైనుంచి కిందికి నడుస్తాయి, గుర్తుల పట్టికల్లో ఎడమ నుంచి కుడికి ఉంటాయి. తిప్పకపోతే ఒక్క గుర్తూ పోల్చుకోలేరు.

తర్వాత గుర్తుకో గీత పెట్టి విడివిడిగా రాయండి:

షుమ్-మ అ-వి-లుమ్ ఇ-ఇన్ దుము అ-వి-లిమ్ ఉఖ్-తప్-పి-ఇద్ ఇ-ఇన్-షు ఉ-ఖ-అప్-ప-దు

ఇక్కడి ‘ఖ’ను ఉర్దూ ‘ఖత్’లో లాగా గొంతులోంచి పలకాలి. ‘దుము’ కింద గీత గీయండి. అది సుమేరియన్ (అక్కాదియన్‌కు ముందు అదే లిపిలో రాసిన భాష) మాట, రాత వరకే. అక్కాదియన్‌లో చదివేటప్పుడు ‘మార్’ (కొడుకు) అనాలి. ‘లిమ్’ దగ్గర ఇంకా జాగ్రత్త. అదే గుర్తు ‘షి’ కూడా, ఒంటరిగా వస్తే ‘కన్ను’ కూడా. కన్ను గురించిన నిబంధనే కదా అని ఇక్కడ ‘కన్ను’ అని చదివితే వాక్యం చెడుతుంది. ముందు ‘అ-వి’ ఉంది కాబట్టి అది లిమ్ మాత్రమే.

ఇప్పుడు కలపండి: షుమ్మ అవీలుమ్ ఈన్ మార్ అవీలిమ్ ఉఖ్తప్పిద్, ఈన్షు ఉఖప్పదూ.

చివర ఉమ్ ఉంటే కర్త, ఇమ్ ఉంటే షష్ఠి; మన ‘ఇల్లు’ అనే మాట ‘ఇంటి’ అయినట్టు. క్రియ చివరికే వస్తుంది, అదీ మనకు అలవాటే. తిరగబడేది షష్ఠి వరస: ‘ఈన్ మార్ అవీలిమ్’ అంటే కన్ను-కొడుకు-మనిషి, దాన్ని వెనకనుంచి చదవాలి. రెండు క్రియల్లోనూ ఖ్-ప్-ద్ హల్లులే ధాతువు. ‘ఉఖప్పదూ’ చివరి దీర్ఘం బహువచనం. ఎవరో చెప్పకుండా మనం ‘పోగొడతారు’ అన్నట్టే.

‘మనిషి మరో మనిషి కొడుకు కన్ను పోగొడితే, అతని కన్ను పోగొడతారు.’

ఇక్కడితో ఆగితే అర్థం తప్పుతుంది. అవీలుమ్ అంటే ఏ మనిషైనా కాదు, పై తరగతివాడు. ‘మార్ అవీలిమ్’ కూడా ఆ తరగతికి చెందినవాడనే. 198వ నిబంధన చూడండి: పోయింది ముష్కేనుమ్, అంటే కింది తరగతివాడి కన్నయితే, శిక్ష ఒక మినా వెండి, దాదాపు అరకిలో. అందుకే 196లో ‘మనిషి’ కొట్టేసి ‘పెద్దింటివాడు’ అని రాయండి.