చెడు వార్త మీ దాకా ఎన్నాళ్లకి వస్తోంది?

మీ టీమ్ బాగుందో లేదో తెలుసుకోవడానికి సర్వేలేమీ అక్కర్లేదు. పోయిన నెలలో ఏదో ఒక పని చెడిపోయే ఉంటుంది కదా, అది టీమ్‌లో ముందు ఎవరికి తెలిసింది, మీకు ఎన్ని రోజులకి తెలిసింది, లెక్క వేసుకోండి. అందరికీ తెలిశాక ఆఖర్న మీకు తెలిసిందంటే, మీతో చెప్పడానికి వాళ్లు భయపడుతున్నారన్నమాట.

నాకూ అలాగే జరిగింది. లీడ్ అయిన కొత్తలో ఒకసారి మీటింగ్‌లో అందరి ముందూ "ఇది ఎవరు చేశారు?" అని గట్టిగా అడిగాను. ఆ తర్వాత ఒక పని మూడు వారాలు వెనకబడిపోయినా నా చెవిన ఎవరూ వేయలేదు, క్లయింట్ ఫోన్ చేస్తే తెలిసింది.

1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కల్లో అక్కడే ఎక్కువ కనిపించాయి. ఎందుకంటే వాళ్లు దాచకుండా చెప్తున్నారు, మిగతా చోట్ల నోరు మెదపట్లేదు. తప్పు చెప్పినా ఏమీ కాదన్న ఆ ధైర్యాన్నే సైకలాజికల్ సేఫ్టీ అంటారు. గూగుల్ కూడా 2012లో మొదలుపెట్టి తమ టీములు 180 దాకా పరిశీలిస్తే, టీమ్ బాగా పని చేయడానికి అన్నిటికంటే ముఖ్యమైనదిగా తేలింది ఇదే.

సరే, చేయాల్సిందేంటి? ఎవరైనా వచ్చి తప్పయిందని చెప్పగానే మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట మీద పని చేయండి. "ఇప్పుడు ఎంతవరకు వచ్చింది, నీకేం కావాలి?" అని అడగండి, ఎలా జరిగిందన్నది రెండు రోజులయ్యాక తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. మొహం చిట్లించకుండా అడగడమే అసలు కష్టం, మాట మార్చుకున్నంత తేలిగ్గా మొహం మారదు.

మీటింగ్‌లో మీరు ఆఖర్న మాట్లాడండి. మీరు ముందే మీ అభిప్రాయం చెప్పేసి "అందరికీ ఓకేనా?" అంటే ఎవరైనా తలూపుతారు. దాని బదులు "ఇందులో ఎక్కడ దెబ్బతింటాం?" అని అడిగి, అందరికంటే జూనియర్‌తో మొదలుపెట్టండి. మీ తప్పులు కూడా అప్పుడప్పుడు పైకి చెప్పండి, పాతికేళ్ల కిందటివి కాదు, పోయిన వారానివి.

వారానికో రెండు వారాలకో ఒక్కొక్కరితో అరగంట కూర్చోండి, పని ఎక్కడిదాకా వచ్చిందని అడగడానికి మాత్రం కాదు. బిజీ అని దాన్ని పదే పదే వాయిదా వేస్తే అసలు పెట్టకపోవడమే నయం.

అలాగని అందరినీ బుజ్జగిస్తూ కూర్చోమని కాదు. పని సరిగా చేయని మనిషికి ఆ మాట సూటిగా, ఒంటరిగా ఉన్నప్పుడు, ఆలస్యం చేయకుండా చెప్పాలి, లేదంటే వాళ్ల పని కూడా నెత్తినేసుకుని చేస్తున్నవాళ్లు లోలోపల రగిలిపోతుంటారు. బాగా పని చేస్తాడు కదా అని పక్కవాళ్లని చులకన చేసే మనిషిని భరించడం కూడా ఇలాంటిదే, అతను ఎంత పని చేస్తున్నాడో కనిపిస్తుంది కానీ అతని వల్ల ఎంతమంది నోరు మూసుకున్నారో కనిపించదు.

ఇంకోటి, ప్రతి పని పక్కనా ఒక్కరి పేరే ఉండాలి. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు, తాడు లాగే మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరూ పెట్టే బలం తగ్గుతుందని రింగెల్‌మన్ అనే ఆయన వందేళ్ల కిందటే కొలిచి చూపించాడు. టీమ్ పెద్దదైతే మాటలు చేరడం కూడా కష్టమే, ఐదుగురి మధ్య 10 జతలు ఉంటే పదిమంది మధ్య 45 ఉంటాయి.

ఇవన్నీ మొదలుపెట్టగానే ఎవరూ నమ్మరు, కొన్నాళ్లు ఒక్కొక్కరితో కూర్చున్నప్పుడు "అంతా బానే ఉంది సార్" అనే వినిపిస్తుంది. తర్వాత ఎవరో ఒకరు ఒక చిన్న తప్పు తెచ్చి చెప్తారు, పెద్దది ఇంకోటి జేబులో పెట్టుకుని. మీరేమంటారో చూసి దాన్ని బయటికి తీయాలా వద్దా అని తేల్చుకుంటారు.