పరీక్షలో స్క్రైబ్, అదనపు సమయం: బెంగళూరులో చదివే మన పిల్లలు ముందే తీసుకోవాల్సిన కాగితం

అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి ఏటా ఎంతోమంది పిల్లలు బెంగళూరు కాలేజీల్లో చేరుతుంటారు. వాళ్లలో చూపు తక్కువైనవాళ్లు, చెయ్యి సరిగా ఆడనివాళ్లు, డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) ఉన్నవాళ్లూ ఉంటారు. వికలాంగుల సర్టిఫికెట్ ఉంది కదా, పరీక్షలప్పుడు చూపిస్తే స్క్రైబ్‌ను, అంటే తాము చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషిని, ఇస్తారని ధైర్యంగా ఉంటారు. తీరా హాల్‌టికెట్ చేతికొచ్చాక పరీక్షల విభాగానికి వెళితే, "ఇది కాదు, ఇంకో లెటర్ కావాలి" అని వెనక్కి పంపుతారు. ఆ లెటర్ నాలుగు రోజుల్లో వచ్చేది కాదు. సరిగ్గా ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడే ఆసుపత్రి ఆవరణలో ఎవరో పలకరించి, డబ్బులిస్తే సాయంత్రానికల్లా ఇప్పిస్తామంటారు. ఇలా మోసపోయిన తల్లిదండ్రులను చూశాక ఇది రాయక తప్పలేదు.

హక్కు గురించి రెండే మాటలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులోని 17వ సెక్షన్ పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు గురించి పేరుపెట్టి చెబుతుంది. ఈ పిల్లలకు అందరితో సమానంగా చదువుకునే అవకాశం ఇవ్వాలనే 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు కాలేజీలకు కూడా వర్తిస్తుంది. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి.

మొదటి కాగితం యూడీఐడీ కార్డు (దివ్యాంగులకు కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు), దాంతోపాటు వచ్చే వైకల్య సర్టిఫికెట్. స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చెయ్యాలి, ఫీజేమీ లేదు. ఊళ్లో ఇప్పటికే తీసుకున్నది ఉంటే బెంగళూరులో మళ్లీ తీసుకోనక్కర్లేదు. ఎవరైనా "కర్ణాటకదే కావాలి" అంటే చట్టంలోని 58వ సెక్షన్ చూపించండి. ఈ సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుందని అక్కడ స్పష్టంగా ఉంది. ఇంకా తీసుకోనివాళ్లు కూడా దీనికోసం ఊరికి పరుగెత్తక్కర్లేదు. సొంత జిల్లాలోనే కాదు, చికిత్స పొందుతున్న ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా దరఖాస్తు చేసుకోవచ్చని నిబంధనలు చెబుతున్నాయి. అందుకని ఇక్కడ చూపించుకున్న ఓపీ చీటీలు, రిపోర్టులు పారేయకండి. 2024 సవరణ ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వడానికి మూడు నెలల దాకా గడువు ఉంది. సెమిస్టర్ మధ్యలో మొదలుపెడితే ఎందుకు అందదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

పేరు విషయంలో జాగ్రత్త. మన పిల్లల పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది, ఒక్కోసారి పొడి అక్షరమే ఉంటుంది. కాలేజీ రికార్డు మెమోను బట్టి, యూడీఐడీ ఆధార్‌ను బట్టి తయారవుతాయి. రెండూ కలవకపోతే కౌంటర్‌లో ఆపేస్తారు. దరఖాస్తుకు ముందే ఆధార్ సరిచేయించుకోండి.

ఇక అసలు చిక్కు. యూడీఐడీ మీకు వైకల్యం ఉందని, అది ఎంత శాతమో చెబుతుంది. ఆ వైకల్యం వల్ల మీరు రాయడం కష్టమవుతుందని అది చెప్పదు. పరీక్షల విభాగం అడిగేది ఈ రెండో మాటను. అంధత్వం, రెండు చేతులూ ప్రభావితమైన వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కుదరని స్థితి) ఉన్నవాళ్లు అడిగితే స్క్రైబ్‌ను ఇవ్వాలని, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. మిగతావాళ్లకు మాత్రం "రాయడానికి శారీరకంగా ఇబ్బంది ఉంది, స్క్రైబ్ తప్పనిసరి" అని విడిగా ఒక సర్టిఫికెట్ కావాలన్నాయి. దానిమీద ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ సూపరింటెండెంట్, సివిల్ సర్జన్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసర్ సంతకం ఉండాలి. పరీక్షించే డాక్టరు కూడా ఆ విభాగం స్పెషలిస్టే కావాలి. చూపుకైతే కంటి డాక్టరు, చెయ్యికైతే ఎముకల డాక్టరు. ప్రైవేటు డాక్టరు ఎంత పేరున్నవారైనా వారి లెటర్‌హెడ్ ఇక్కడ పనికిరాదు. ఎక్కువమంది వెనక్కి వచ్చేది ఇక్కడే.

ఈ మార్గదర్శకాలు పోటీ పరీక్షల కోసం రాసినవే, 2025లో వాటి స్థానంలో కొత్తవి కూడా వచ్చాయి. అయినా కాలేజీలు సెమిస్టర్ పరీక్షలకూ వాటి నమూనా ఫారాన్నే అడగవచ్చు. ఆ ఫారం ముందుగా కాలేజీలో అడిగి తీసుకుని, ఖాళీది ప్రింటు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. తెల్లకాగితం మీద రాయించుకొస్తే రెండోసారి తిరగాల్సి వస్తుంది. మల్లేశ్వరం కె.సి. జనరల్, జయనగర్ జనరల్, విక్టోరియా వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో కనుక్కోండి. ఏ విభాగం డాక్టర్లు ఏ రోజు చూస్తారో ముందురోజే అడగడం మంచిది. కన్నడ రాకపోతే కంగారుపడకండి, తెలుగు అర్థమయ్యేవాళ్లు బెంగళూరులో ఎక్కడైనా దొరుకుతారు.

శాతం 40 కంటే తక్కువ ఉందని ఆశ వదులుకోకండి. రైటర్స్ క్రాంప్ (రాసేటప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోయే సమస్య) ఉన్న ఒక అభ్యర్థి కేసులో, 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించకూడదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. దాని తర్వాత 2022 ఆగస్టులో ఇలాంటివాళ్ల కోసం వేరే మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం వీళ్లకు ఒక్క డాక్టరు కాదు, ప్రభుత్వ వైద్యుల బృందం సంతకం చెయ్యాల్సి ఉండేది. ఆ సర్టిఫికెట్ గరిష్ఠంగా ఆరు నెలలే చెల్లేది. కాలేజీ అదే ఫారం అడిగితే ప్రతి సెమిస్టర్‌కూ కొత్తది తెచ్చుకోవాల్సి రావచ్చు. విసుగొస్తుంది, నిజమే. కానీ తేదీ దాటిన కాగితంతో పరీక్ష హాలు దాకా వెళ్లడం అంతకంటే కష్టం.

డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) ఉన్నవాళ్లు స్కూల్లో తీసుకున్న సర్టిఫికెట్ తేదీ చూసుకోండి. వైకల్యాన్ని అంచనా వేసే ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 14 ఏళ్లకు, మళ్లీ 18 ఏళ్లకు పరీక్ష చేయించుకోవాలి. 18లో ఇచ్చేదే జీవితాంతం చెల్లుతుంది. ఇంటర్ దాకా పనిచేసిన కాగితం డిగ్రీ మొదటి ఏడాదిలో చెల్లకపోవడానికి కారణం ఇదే. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అనే మానసిక, నరాల వైద్య సంస్థలో ఈ పరీక్షలు చేస్తారు, అపాయింట్‌మెంట్‌కు ఎదురుచూడాల్సి ఉంటుంది కాబట్టి కాలేజీలో చేరగానే అడగండి.

కాగితాలు చేతికొచ్చాక ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు రాయండి. అటానమస్ (పరీక్షలు తానే పెట్టుకునే) కాలేజీ అయితే అది పరీక్షల కంట్రోలర్‌కు వెళుతుంది. వీటీయూ వంటి విశ్వవిద్యాలయం కింద ఉంటే ప్రిన్సిపాల్ ద్వారా మూల్యాంకన విభాగం రిజిస్ట్రార్‌కు పంపాలి. "సాయం కావాలి" అని ఊరుకోకుండా ఏం కావాలో రాయండి: స్క్రైబ్, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, కింది అంతస్తులో గది, గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం. అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. స్క్రైబ్ వద్దనుకున్నా అర్హత ఉన్నవాళ్లు ఈ అదనపు సమయం అడగవచ్చు. దరఖాస్తు కాపీ మీద తేదీతో సీలు వేయించుకోండి.

డబ్బు తీసుకుని శాతం పెంచి రాయిస్తామనేవాళ్లతో మాటే వద్దు. మోసం చేసి ఈ సదుపాయాలు పొందితే 91వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ముందు చిక్కుకునేది పిల్లవాడే.

కాలేజీ జవాబివ్వకపోయినా, కారణం చెప్పకుండా కాదన్నా, బెంగళూరులోనే ఉన్న రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ కార్యాలయానికి ఫిర్యాదు రాయవచ్చు. దానికి లాయరు అక్కర్లేదు. సీలు వేసిన దరఖాస్తు కాపీ, రెండు సర్టిఫికెట్ల నకళ్లు, పరీక్ష టైంటేబుల్ జతచేసి, మొదటి పరీక్ష తేదీని పై వరుసలోనే రాయండి.