కెరటోకోనస్ క్రాస్ లింకింగ్ ట్రయల్: సంతకానికి ముందు చూసుకోవలసినవి

కెరటోకోనస్ అనే కంటి జబ్బులో కార్నియా (కంటి ముందుభాగంలోని పారదర్శక పొర) క్రమంగా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. క్రాస్ లింకింగ్ అనేది మందు చుక్కలతో, అతినీలలోహిత కాంతితో కార్నియాను గట్టిపరిచి ఆ పెరుగుదలను ఆపడానికి చేసే చికిత్సే గాని, పోయిన చూపును తిరిగి తెచ్చేది కాదు. చాలామందికి ఆ తరువాత కూడా అద్దాలో గట్టి కాంటాక్ట్ లెన్సులో తప్పవు. అందువల్ల ట్రయల్ (చికిత్సా పద్ధతిని రోగులపై పరీక్షించే అధ్యయనం) సంగతి ఎత్తే ముందు జబ్బు నిజంగా పెరుగుతోందో లేదో తేల్చుకోవాలి. అది ఒక్క స్కానుతో తేలదు. కొన్ని నెలల తేడాతో తీసిన టోపోగ్రఫీలను (కార్నియా ఆకారాన్ని చూపే స్కానులను) పోల్చి చూడాలి, ప్రతిసారీ స్కానుకు ముందు మెత్తని లెన్సులను వారం పాటు, గట్టి లెన్సులను కనీసం రెండు వారాల పాటు వైద్యుల సూచన మేరకు మానాలి. లేకపోతే లెన్సు ఒత్తిడికి మారిన ఆకారాన్నే యంత్రం చూపిస్తుంది. కళ్లు నులుముకునే అలవాటును ఈలోగానే మానుకోవాలి.

తరువాత, పరీక్షిస్తున్నది ఏ పద్ధతినో అడగాలి. పాత పద్ధతిలో కార్నియా పైపొరను తొలగించి, రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలను 30 నిమిషాలు వేసి, చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీవాట్ల అతినీలలోహిత కాంతిని మరో 30 నిమిషాలు ప్రసరింపజేస్తారు. లోపలి పొర దెబ్బతినకుండా కార్నియా మామూలుగా కనీసం 400 మైక్రాన్ల (0.4 మిల్లీమీటర్ల) మందం ఉండాలంటారు. కాంతి తీవ్రతను పెంచి సమయాన్ని తగ్గించడం, పైపొరను తీయకుండానే చేయడం వంటి మార్పులనే కొత్త ట్రయల్స్ తూచి చూస్తుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా అడగవలసింది, పోలిక కోసం చికిత్స ఇవ్వకుండా ఉంచే వర్గంలో పడితే ఎంతకాలం ఆగాలన్నది. 2016లో అమెరికాలో అనుమతికి ఆధారమైన ట్రయల్స్‌లో పోలిక వర్గంవారికి మొదట రైబోఫ్లేవిన్ చుక్కలు మాత్రమే వేసి, మూడు నెలల తరువాత అసలు చికిత్స పొందే వీలు కల్పించారు. బ్రిటన్‌లో 10–16 ఏళ్ల 60 మందిపై జరిగిన కెరాలింక్ ట్రయల్‌లో 18 నెలలకు చికిత్స పొందినవారిలో 7 శాతం మందికి, మామూలు సంరక్షణలో ఉన్నవారిలో 43 శాతం మందికి జబ్బు ముదిరింది. కాబట్టి చిన్న వయసువారి విషయంలో, జబ్బు పెరిగితే వెంటనే చికిత్సకు మార్చే నిబంధన లేని ట్రయల్‌లో చేర్చవద్దనే నా సలహా.

భారతదేశంలోనైతే సీటీఆర్ఐ (ట్రయల్స్‌ను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ) నమోదు సంఖ్యను, ఎథిక్స్ కమిటీ ఆమోదాన్ని చూపమనాలి. సమ్మతి పత్రాన్ని తెలుగులోనే అడిగి, ఇంటికి తీసుకెళ్లి చదువుకోవాలి. ఎప్పుడైనా వైదొలగవచ్చన్న మాట, హాని జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారన్న మాట అందులో ఉండాలి. పిల్లల తరఫున తల్లిదండ్రులు సంతకం చేసినా, పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలి.

పైపొర తీసినప్పుడు మొదటి కొన్ని రోజులు నొప్పి, నీరు కారడం సహజమే. నొప్పి తగ్గకుండా పెరిగినా, పుసులు కట్టినా, చూపు మందగించినా ఆనాడే ఆసుపత్రికి వెళ్లాలి. తొలి నెల స్కానులో కార్నియా వంపు అంకెలు ముందుకన్నా చెడినట్టు కనిపించడం మామూలే గనుక అది చూసి ట్రయల్ మానుకోవద్దు. ప్రతి స్కాను నకలునూ అడిగి తీసుకోవాలి. వేరొక యంత్రంపై తీసిన అంకెలతో వాటిని నేరుగా పోల్చలేం కనుక, యంత్రం పేరును కూడా దానిపై రాయించుకోవాలి.